నాలుగు వందల పన్నెండో ర్యాంకు, ఏడో నిబంధన

కెర్లాన్, సెప్టెంబరు 9

పురపాలక క్రీడా విభాగం అధికారి రెజిస్ తాంగీ గారికి నమస్కారాలు.

ఒక మనిషి పదహారేళ్ళ చాకిరీని మీరు చంపేస్తున్నారు. మీరే. అటూ ఇటూ చూడకండి, మీ వెనక ఎవరూ లేరు. ఏడాదికి రెండు వారాలు పారిస్ పోటీలు చూసి, ఆఖరి రోజు కప్పు ఎత్తినవాళ్ళకి చప్పట్లు కొట్టి, టెన్నిస్ అంటే ఆ ఇద్దరేనని నమ్మే మీలాంటి పెద్దమనుషులంతా కలిసి చంపుతున్నారు. కాకపోతే వాళ్ళ చేతుల్లో స్టాంపు లేదు, మీ చేతిలో ఉంది.

నొల్వెన్ గీయూ ఈ ఊరి పిల్ల. ఇరవై ఎనిమిదేళ్ళు. ప్రపంచంలో నాలుగు వందల పన్నెండో ర్యాంకు. వచ్చే మే నెలలోగా రెండు వందల ముప్ఫై లోపలికి వస్తే పారిస్ అర్హత పోటీల్లో ఆడుతుంది. రాకపోతే ఆట మానేస్తానంటోంది. రావాలంటే చలికాలమంతా ప్రాక్టీసు చెయ్యాలి. అక్టోబరు నుంచి మార్చి దాకా మన బ్రెటన్ తీరంలో వాన ఎప్పుడు ఆగుతుందో మీకు తెలుసు. ఆగదు. ఊళ్ళో కప్పున్న టెన్నిస్ కోర్టు ఒక్కటే, మీ మున్సిపల్ హాల్లో. అందులో పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఆమెకున్న రెండు గంటల్ని మీరు నిన్న రద్దు చేశారు. పోనీ ఎవరికిచ్చారని వెళ్ళి చూశాను. ఎవరికీ ఇవ్వలేదు. హాలు ఖాళీగా ఉంది. దీపాలు మాత్రం వెలుగుతున్నాయి.

ఖాళీ హాలుకి వెలుతురు, ఆడే మనిషికి వాన. ఇదేనా ప్రజల ఆస్తిని కాపాడటమంటే?

దయచేసి నా ప్రగాఢ గౌరవాభివందనాలు స్వీకరించండి. మన దేశంలో ఉత్తరం ఇలాగే ముగించాలి కాబట్టి రాస్తున్నాను.

ఒదీల్ కెర్‌బ్రా
కార్యదర్శి, మహిళా జట్టు కెప్టెన్, కెర్లాన్ టెన్నిస్ క్లబ్బు

తా.క.: నేను ఆసుపత్రిలో నర్సుని, ఇరవై రెండేళ్ళుగా యూనియన్ నాయకురాలిని. ఇంతకు ముందు ముగ్గురు డైరెక్టర్లు నా ఉత్తరాలకు జవాబివ్వలేదు. ముగ్గురూ ఇప్పుడు వేరే ఊళ్ళలో ఉన్నారు.


కెర్లాన్, సెప్టెంబరు 16

శ్రీమతి ఒదీల్ కెర్‌బ్రా గారికి వందనములు.

మీ ఉత్తరం రిజిస్టరు తపాలాలో, అందినట్టు రసీదుతో సహా చేరింది. మీ క్లబ్బు మా కార్యాలయానికి ఎదురు వీధిలోనే ఉన్నదని ఈ సందర్భంగా మనవి.

హాలు నిబంధనావళిలో ఏడో నిబంధన ఇలా చెబుతున్నది: కేటాయించిన సమయానికి వరసగా మూడు సార్లు హాజరు కానివారి కేటాయింపు రద్దగును. కుమారి గీయూ వరసగా ముప్ఫై ఎనిమిది సార్లు హాజరు కాలేదు. ఇందులో నా ఇష్టాయిష్టాలకు తావు లేదు.

ఇక ర్యాంకు విషయం. నేను జాబితా తెప్పించుకొని చూశాను. ఆమె కంటే ముందు నాలుగు వందల పదకొండు మంది ఉన్నారు. మన ఊరి ఇనుప గుండ్ల ఆటగాళ్ళు జిల్లాలో మూడో స్థానం సాధించారు. వారికి సాయంత్రం ఒక గంటే ఇస్తున్నాము.

పైగా ఆమె గైర్హాజరీకి కారణం మా గోడ మీదే ఉన్నది. కుమారి గీయూ మర్యాదస్తురాలు. ఎక్కడికి వెళ్ళినా మా కార్యాలయానికి పోస్టుకార్డు పంపుతుంది. ఇప్పటికి పదకొండు వచ్చాయి. ట్యునీషియా, టర్కీ, ఈజిప్టు. పదకొండింటిలోనూ సముద్రం, ఈతకొలను, గొడుగు కింద కుర్చీలు. విహారయాత్రలు చేయడం ఆమె హక్కు. దానికోసం హాలు ఖాళీగా ఉంచడం పురపాలక సంఘం బాధ్యత కాదు.

నా విశిష్ట గౌరవం స్వీకరించగలరు.

రెజిస్ తాంగీ

తా.క.: దీపాల సంగతి సరిచేశాము. ఇప్పుడు ఖాళీ హాలు చీకటిగా ఉంటున్నది.


కెర్లాన్, సెప్టెంబరు 19

తాంగీ గారికి నమస్కారాలు.

విహారయాత్రలట. ఆసుపత్రిలో మందులిచ్చే బండి తోస్తూ మీ ఉత్తరం చదివాను. బండి గోడకు గుద్దుకుంది. అది కూడా మీ ఖాతాలోనే.

ఈ ఆటకి అడుగు మెట్టు ఎక్కడుందో చెబుతాను, వినండి. ఏ పెద్ద నగరమూ నాలుగు వందల పన్నెండో మనిషి ఆట పెట్టుకోదు. చలికాలం గిరాకీ లేని సముద్రతీరపు హోటళ్ళు పెట్టుకుంటాయి. ఎందుకు? ఆడటానికొచ్చిన పిల్లలే ఆ గదులకి అద్దె కట్టాలి కనుక. అక్కడ అమ్మే పోస్టుకార్డుల మీద ఈతకొలను తప్ప ఇంకేం ఉంటుంది? హోటల్ గదిలో స్నానాల తొట్టిలో తన బట్టలు తనే ఉతుక్కునే బొమ్మ వేసి ఎవరూ కార్డు అచ్చు వెయ్యరు. రాత్రి భోజనం తర్వాత మిగతా ఆటగాళ్ళ రాకెట్లకి తంతులు బిగించి, దాంతో తిరుగు ప్రయాణం టికెట్టు కొనుక్కున్న బొమ్మా వెయ్యరు. పదకొండు కార్డులు మీరు తిప్పి చూశారా? వెనక ఏం రాసిందో చదివారా?

నాలుగు వందల పదకొండు మంది ముందున్నారన్నారు. నిజమే. మీ కంటే ముందు ఈ దేశంలో ఎంతమంది క్రీడాధికారులున్నారో ఎవరైనా లెక్క తీశారా? తీసి, మీ బల్ల తీసేశారా? రొట్టెలు కాల్చేవాణ్ణి దేశంలో నువ్వు ఎన్నోవాడివని అడిగి కొంటున్నామా? ఆటగాళ్ళనే ఎందుకు అడుగుతాం? గెలిచినవాళ్ళకి పూలదండ, మిగతావాళ్ళకి ఏడో నిబంధన. దీన్నే నేను అన్యాయం అంటాను, మీరు క్రమశిక్షణ అంటారు.

ఆమె ఊళ్ళో లేదంటే పని మీద వెళ్ళిందని అర్థం. ఊళ్ళో ఉన్నప్పుడు చోటు కావాలి. ఇంత చిన్న విషయం.

మామూలు గౌరవంతో,
ఒదీల్ కెర్‌బ్రా

తా.క.: ఇనుప గుండ్ల ఆట జిల్లా పోటీలో ఎన్ని జట్లు పాల్గొన్నాయో కనుక్కున్నాను. మూడు.


కెర్లాన్, సెప్టెంబరు 27

శ్రీమతి కెర్‌బ్రా గారికి వందనములు.

కార్డులు గోడ మీంచి తీసి వెనక్కి తిప్పి చదివాను. గుండుసూదులు తుప్పు పట్టి ఉన్నందున కొంత సమయం పట్టింది.

వాటిలో తొమ్మిదింటి మీద "మొదటి రౌండులో ఓడాను, వచ్చే వారం మళ్ళీ ప్రయత్నిస్తాను, హాలు ఇచ్చినందుకు కృతజ్ఞతలు" అని ఉన్నది. పదో దాని మీద "సెమీఫైనల్" అని రాసి రెండు సార్లు గీత గీసి ఉన్నది. పదకొండోది వానకు తడిసింది.

పరిశీలించిన మీదట, అక్టోబరు 1 నుంచి ప్రయోగాత్మకంగా కేటాయింపు పునరుద్ధరిస్తున్నాము. షరతు ఒక్కటే. హాలు తలుపు దగ్గర హాజరు పుస్తకం ఉంటుంది. రోజూ సంతకం ఉండాలి. వరసగా మూడు ఖాళీలు కనబడితే కేటాయింపు శాశ్వతంగా రద్దగును. ఏడో నిబంధనను నేను మార్చలేను.

గౌరవంతో,
రెజిస్ తాంగీ

తా.క.: మూడు జట్లలో మూడోదైనా మూడోదే.


కెర్లాన్, అక్టోబరు 24

శ్రీమతి కెర్‌బ్రా గారికి.

ఇకపై ఈ వ్యవహారంలో వందనములు రాయడం నాకు కష్టంగా ఉన్నది.

అక్టోబరు నెల హాజరు పుస్తకం చూసి నేను సంతోషించాను. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. మునుపెన్నడూ లేనంత క్రమశిక్షణ అని మా డిప్యూటీ మేయరుగారికి కూడా చెప్పాను. ఈ నెల 21న వార్తాపత్రికలో, కుమారి గీయూ ట్యునీషియాలో రెండో రౌండు గెలిచినట్టు చదివాను. గెలిచిన తేదీ 20. అదే 20వ తేదీ ఉదయం ఏడు గంటలకు ఆమె మన హాల్లో సంతకం చేసి ఉన్నది.

కాబట్టి నిన్న ఉదయం ఆరూ యాభైకి స్వయంగా వెళ్ళాను. వాన పడుతున్నది. ఏడు గంటలకు నొల్వెన్ గీయూ వచ్చింది. ఆమెకు డెబ్బై ఒక్క ఏళ్ళు, తెల్లని మీసాలు, చేపల పడవ మీద వేసుకునే రబ్బరు బూట్లు. ఆమె నాకు ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చి, "రెజిస్, నిలబడ్డావేంట్రా, బంతులందుకో" అన్నది.

మీ క్లబ్బులోని విశ్రాంత జాలరి జిల్దాస్ మెనెజ్ గారిని నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ప్రశ్నించగా, వారం పొడుగునా తనూ, మరో నలుగురు పెద్దవాళ్ళూ వంతులు వేసుకొని ఆమె పేరుతో సంతకాలు పెడుతున్నట్టు ఒప్పుకొన్నారు. ఇది పత్రాల తారుమారు. కేటాయింపును ఈ రోజు నుంచి శాశ్వతంగా రద్దు చేస్తున్నాను.

రెజిస్ తాంగీ

తా.క.: బుధవారాల్లో సంతకం పెట్టే వ్యక్తి "గీయూ"ను తప్పుగా రాస్తున్నారు. ఆవిడ ఆమె సొంత నాయనమ్మ అని తెలిసింది.


కెర్లాన్, అక్టోబరు 28

తాంగీ గారికి నమస్కారాలు. మీరు మానేసినా నేను మానను.

ఒప్పుకుంటున్నాను. ఆలోచన నాదే. జిల్దాస్‌ని ఏమీ అనకండి.

కానీ మీరు చూసిందేమిటో మీకే చెప్పనివ్వండి. ఐదుగురు ముసలివాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, నెలంతా పొద్దున్నే చీకట్లో లేచి, వానలో నడిచి, రెండు గంటలు ఆడి వెళ్ళారు. ఎవరికోసం? ఊళ్ళో లేని ఒక పిల్ల చోటు పోకుండా. ఏ దేశపు క్రీడాధికారైనా ఇలాంటి హాజరు చూసి పండగ చేసుకుంటాడు. మీరు పత్రాల తారుమారు అన్నారు. మా యూనియన్లో దీనికి వేరే పేరుంది. సంఘీభావం. జీతం లేకుండా, పేరు లేకుండా, పైగా ఇంకొకరి పేరుతో. మరొక సంగతి. ఈ నెలలో జిల్దాస్ రక్తపోటు తగ్గింది. నేనే చూశాను. ఆ ఫలితం ఏ నిబంధన కింద రద్దు చేస్తారు?

నొల్వెన్‌కి ఈ సంగతి నిన్న ఫోన్లో చెప్పాను. అరవలేదు, ఏడవలేదు. "పోనీలే ఒదీల్, క్రిస్మస్‌కి రాకెట్లు అమ్మేస్తాను. చేపల వేలం ఆఫీసులో రాతపని ఖాళీ ఉందన్నారు" అంది. ఆ పిల్ల గొంతు అంత మామూలుగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. మీకు భయం వెయ్యకపోవచ్చు. నాకు వేసింది.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. నవంబరు 16 ఆదివారం మన హాల్లోనే క్లబ్బుల మధ్య జట్టు పోటీ. పెద్ద నగరం నుంచి డబ్బున్న క్లబ్బు వస్తోంది. వాళ్ళ మొదటి ఆటగత్తె హంగేరీ అమ్మాయి, పేరు రేకా, ర్యాంకు నూట నలభై. మా మొదటి ఆటగత్తె నొల్వెన్. వచ్చి చూడండి. ఒక్కసారి, టికెట్టు లేకుండా.

అన్నట్టు నాకు ఆ రోజు ఆసుపత్రిలో డ్యూటీ, నేనుండను. మీరు నిశ్చింతగా రావచ్చు.

గౌరవంతో,
ఒదీల్ కెర్‌బ్రా

తా.క.: క్లబ్బు పుస్తకాలు తిరగేస్తుంటే ఒక పేరు కనబడింది. పంతొమ్మిదేళ్ళుగా ఏటా ఆటగాడి లైసెన్సు తీసుకుంటూ, ఒక్కసారి కూడా రాకెట్టు పట్టని రెజిస్ తాంగీ. లైసెన్సున్నవాళ్ళకి పారిస్ టికెట్లు ముందుగా అమ్ముతారని ఈ దేశంలో సగం మంది చేసే పనే ఇది. హాజరు గురించి మరోసారి మాట్లాడుకుందాం.


కెర్లాన్, నవంబరు 18

శ్రీమతి కెర్‌బ్రా గారికి వందనములు.

జిల్దాస్ గారు మీకు చెప్పే ఉంటారు. అయినా నా వైపు నుంచి రాతపూర్వకంగా ఉండాలని రాస్తున్నాను.

ఆదివారం ఒంటిగంటకు వెళ్ళి, ఎవరికీ కనబడకుండా వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆట మొదలయ్యేముందు అవతలి క్లబ్బువాళ్ళు, మీ కెప్టెన్ ఎవరు, కాగితం మీద పేరు రాయండి అన్నారు. మీరు లేరు. మీ బదులు జిల్దాస్ గారని అనుకున్నారట. కానీ వచ్చిన జట్టుకి ఆతిథ్యమిచ్చే క్లబ్బే భోజనం పెట్టాలి కదా. జిల్దాస్ గారు నలభై మందికి నల్లగోధుమ అట్లు పోస్తున్నారు. పెనం వేడెక్కింది, పిండి కలిపేశారు. పెనం వదిలి రానన్నారు. గరిటె నా వైపు చూపించి, "లైసెన్సుంది కదరా నీకు, పోయి కూర్చో" అన్నారు. నేను అధికారిని, తటస్థంగా ఉండాలి అన్నాను. "తటస్థంగానే కూర్చో. నీళ్ళ సీసా అందించడానికి పక్షపాతమెందుకు" అన్నారు.

అలా నేను నొల్వెన్ పక్క కుర్చీలో కూర్చున్నాను. కోర్టులో ఆటగత్తెతో మాట్లాడే హక్కు కెప్టెన్‌కే ఉందని అప్పుడే తెలిసింది. హక్కయితే ఉంది, మాట లేదు. మొదటి సెట్టు రెండు-ఆరుతో పోయింది. విరామంలో ఆమె తువ్వాలు తలమీద వేసుకొని, "ఏదో ఒకటి మాట్లాడండి తాంగీ గారూ. చర్చిలో శవం పక్కన కూర్చున్నట్టుంది" అన్నది.

"నాకీ ఆట తెలియదమ్మా. నాకు తెలిసింది హాలు నిబంధనలు."

"అవే చెప్పండి."

చెప్పాను. ఒకటో నిబంధన, నల్లని అడుగున్న బూట్లతో ప్రవేశం లేదు. రెండోది, హాల్లో సైకిలు తొక్కరాదు. ఆమె నవ్వింది. నవ్వుతూనే కోర్టులోకి వెళ్ళి తన సర్వీసులో నాలుగు పాయింట్లూ వరసగా గెలిచింది. తర్వాతి విరామంలో, "నాలుగో నిబంధన ఏమిటి?" అని తనే అడిగింది. నాలుగోది జంతువుల గురించి. ఆరో నిబంధన వచ్చేసరికి రెండో సెట్టు ఏడు-ఐదుతో మనది.

మూడో సెట్టు మొదట్లో ఏడోది వచ్చింది. చెప్పకుండా ఎనిమిదికి దూకుదామని చూశాను. ఆమె పట్టుకుంది.

"మూడుసార్లు రాకపోతే రద్దు. ఇది రాసిందెవరు?"

"నేనే."

ఆమె నీళ్ళు తాగి, సీసా నా చేతికిచ్చి, "మంచిది. ఇక బంతి మీద ఎవరి ముఖం ఊహించుకోవాలో తెలిసింది" అని లేచింది. ఆ తర్వాత మూడు గేములు ఆ బంతి పడ్డ దెబ్బలు చూసి నా చెంపలు వేడెక్కాయి.

ఓడిపోయింది. మూడో సెట్టు టైబ్రేకులో ఏడు-తొమ్మిది. నూట నలభయ్యో ర్యాంకుతో రెండు గంటల నలభై నిమిషాలు ఆడి, రెండు పాయింట్ల తేడాతో. నేను ఇంతకాలం ఫలితం కావాలని అడిగాను. ఫలితం కాగితం మీద ఓటమి అనే ఉంది. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాడిని కనుక చెబుతున్నాను, ఆ కాగితం అబద్ధమాడుతోంది.

భోజనాల దగ్గర రేకా ఆపిల్ కల్లు గ్లాసు పట్టుకొని నొల్వెన్‌తో అన్నది: "నీకు ఈ హాలు కొట్టిన పిండి. రోజూ ఇక్కడే ప్రాక్టీసు కదా? నాకు ఈ నేల మీద బంతి ఎలా లేస్తుందో తెలిసేసరికి గంట పట్టింది."

నొల్వెన్ తన అట్టు చుట్టుకుంటోంది. జిల్దాస్ గారు పెనం దగ్గర్నుంచి, "తనకి అనుమతి లేదమ్మా. ప్రాక్టీసంతా మేం చేశాం" అన్నారు. నలభై మందీ నా వైపు చూశారు. ఉప్పు వెన్న గిన్నె నా దాకా రావడం మానేసింది. మన ప్రాంతంలో ఇంతకంటే పెద్ద శిక్ష లేదని మీకు తెలుసు.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి నిబంధనావళి మొదటి నుంచి చదివాను. నేనే రాసినా, నిజం చెబితే ఇంతకాలం ఏడో నిబంధన దగ్గరే ఆగిపోతూ వచ్చాను. పంతొమ్మిదోది ఉంది: నిబంధన మార్చవలసిందిగా క్లబ్బు జట్టు కెప్టెన్ సంతకంతో దరఖాస్తు వస్తే, దాన్ని నగర కౌన్సిలు ముందు పెట్టి తీరాలి. సెప్టెంబరు నుంచి మీరు కార్యదర్శిగానూ సంతకం చేశారు, కెప్టెన్‌గానూ చేశారు, గోడకు గుద్దుకున్న బండి తరఫున కూడా చేశారు. కానీ ఒక్క ఉత్తరంలోనూ నిబంధన మార్చమని అడగలేదు. తప్పు నాదని మాత్రమే రాశారు. కోపంలో దరఖాస్తు మరిచిపోయారు.

ఆదివారం నాటి ఆట కాగితం మీద కెప్టెన్ పేరు రెజిస్ తాంగీ. సీజను ముగిసేదాకా ఆ కాగితం చెల్లుతుంది. కనుక కెప్టెన్ హోదాలో నేను, క్రీడాధికారి హోదాలో ఉన్న నాకు, ఈ ఉదయం దరఖాస్తు ఇచ్చుకొని, అందినట్టు రసీదు రాసుకున్నాను. డిసెంబరు 4న కౌన్సిల్లో ఓటింగు. పదిహేడు ఓట్లు కావాలి. తొమ్మిది మందితో మాట్లాడాను. మిగతావాళ్ళకి మీరు ఉత్తరాలు రాయండి. ఎలా రాస్తారో నాకు తెలుసు, అలాగే రాయండి. ఈలోగా నా అధికారంలో ఉన్నంత మేరకు, దరఖాస్తులోని మొదటి రెండు కోరికలూ రేపటి నుంచే తాత్కాలికంగా అమలు చేస్తున్నాను. నొల్వెన్‌కి చెప్పాను. వేలం ఆఫీసువాళ్ళకి జవాబు మే దాకా వాయిదా వేసింది.

నా హృదయపూర్వక గౌరవాభివందనాలు స్వీకరించండి. ఈసారి ఆచారం కోసం రాయలేదు.

రెజిస్ తాంగీ

తా.క.: దరఖాస్తు ప్రతి జతచేస్తున్నాను. భాష కొంచెం దురుసుగా ఉందని అధికారి హోదాలో నేను అభ్యంతరం చెప్పాను. కెప్టెన్ ఒక్క అక్షరం మార్చనన్నాడు.

కోరికలు:

1. నొల్వెన్ గీయూకు మార్చి 31 దాకా రోజూ ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు హాలు ఇవ్వాలి.

2. హాలు తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉండాలి. కాపలాదారు కోసం వానలో నిలబడకూడదు.

3. ఆరున్నరకే హాలు వెచ్చబెట్టాలి.

4. బయటి దేశంలో పోటీ ఆడిన రోజును హాజరుగా లెక్కించాలి.

5. ఆమె ఊళ్ళో లేని రోజుల్లో పెద్దవాళ్ళు ఆ రెండు గంటలూ తమ సొంత పేర్లతో ఆడుకోవాలి.

6. ఏడో నిబంధన రద్దు చెయ్యాలి.

7. ఈ దరఖాస్తు మీద నిర్ణయం, దరఖాస్తు పెట్టిన అధికారి తీసుకోకూడదు.

8. ఆమె గెలిచినా ఓడినా పైవన్నీ అమల్లో ఉండాలి.